తెల్లారాకే బయల్దేరండి



సంక్రాంతి దగ్గరపడింది. రైళ్లలో బెర్తులు ఎప్పుడో అయిపోయాయి. ఆర్టీసీ స్పెషల్ బస్సులు వేసినా సీటు దొరకడం కష్టంగానే ఉంది. ఇక మిగిలింది సొంత కారు, అద్దె కారు, అదీ కాకపోతే బైకు. భోగికి ముందు రెండు రోజులు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రోడ్డును టీవీలో చూసే ఉంటారు. హయత్‌నగర్ దాటిన దగ్గర్నుంచి పంతంగి టోల్‌గేటు దాకా బండి వెనక బండి. అందరూ ఆ ట్రాఫిక్ జామ్ గురించే మాట్లాడతారు. నా భయం జామ్ గురించి కాదు. జామ్‌లో ఇరుక్కున్నవాళ్లు విసుక్కుంటారు, తిట్టుకుంటారు, కానీ నాలుగు గంటలు ఆలస్యమైనా ఇంటికి చేరతారు. ఆ జామ్ తప్పించుకుందామని రాత్రి పదకొండింటికి పిల్లల్ని నిద్రలోనే భుజాన వేసుకుని కారెక్కేవాళ్ల గురించే నా భయమంతా.

నేను ఎముకల డాక్టర్ని. జాతీయ రహదారి పక్కనే ఉన్న ఊళ్లో చాలాకాలం పనిచేశాను. పండగ రోజుల్లో క్యాజువాల్టీకి ప్రమాదం కేసులు ఏ వేళకు వస్తాయో మా నర్సులు, వార్డుబాయ్‌లతో సహా అందరికీ తెలుసు. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు మధ్య. ఆ మూడు గంటల్లో ఫోన్ మోగితే చాలు, అడగకుండానే స్ట్రెచర్లు బయటికి తెచ్చేవాళ్లు.

మర్నాడు పేపర్లో వచ్చే వార్త కూడా మీకు తెలిసిందే. తెల్లవారుజామున ఆగి ఉన్న లారీని వెనక నుంచి ఢీకొన్న కారు, ఒకే కుటుంబానికి చెందిన ఇంతమంది దుర్మరణం, పండక్కి సొంతూరు వెళ్తుండగా ఘటన. ఊరి పేరు మారుతుంది, చనిపోయినవాళ్ల పేర్లు మారతాయి. మిగతాదంతా ఏటా అదే. ఏటా అదే జరుగుతోందంటే దాన్ని తలరాత అనడం నాకు ఇష్టం లేదు. తలరాత ఇంత క్రమం తప్పకుండా ఒకే వేళకు రాదు.

అసలేం జరుగుతోందో చూద్దాం. పండక్కి వెళ్లే మనిషి ఆ రోజు పొద్దున ఆరింటికి లేస్తాడు. ఆఫీసుకు వెళ్తాడు. సాయంత్రం వచ్చి బట్టలు సర్దుతాడు, అమ్మకు చీర, నాన్నకు పంచె కొనుక్కొస్తాడు, గ్యాస్ కట్టేశామా తాళాలు వేశామా అని రెండుసార్లు చూసుకుంటాడు, భోంచేస్తాడు. పదకొండింటికి స్టీరింగ్ ముందు కూర్చునేసరికి అతను నిద్రలేచి పదిహేడు గంటలైంది. సూర్యాపేట దాటేసరికి అర్ధరాత్రి రెండవుతుంది. విజయవాడ దాటి ఏలూరు దారి పట్టేసరికి ఇరవై రెండు, ఇరవై మూడు గంటలు.

మెలకువకీ డ్రైవింగ్‌కీ ఉన్న సంబంధం మీద విదేశాల్లో పరిశోధనలు జరిగాయి. పదిహేడు గంటలకు పైగా నిద్ర లేకుండా ఉన్న మనిషి మెదడు, వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషి మెదడులాగే మందగించి పనిచేస్తుందని తేలింది. మన మోటారు వాహనాల చట్టం 30 మిల్లీగ్రాములు దాటితేనే తాగి నడిపినట్టు లెక్కగట్టి కేసు పెడుతుంది. మొదటిసారి దొరికితే పది వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. అంటే జీవితంలో చుక్క ముట్టని మనిషి కూడా, భార్యాపిల్లల్ని వెంటబెట్టుకుని, రాత్రంతా తాగినవాడి స్థితిలో బండి నడుపుతున్నాడు. పోలీసులు దారిలో ఆపి నోటి దగ్గర మిషన్ పెట్టినా సున్నా చూపిస్తుంది. నిద్రను పట్టే మిషన్ ఆ దారిలో ఎవరి దగ్గరా లేదు.

గంటకు వంద కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు పోతుంది. కళ్లు నాలుగు సెకన్లు మూతపడితే 110 మీటర్లు. డిమ్ లైటులో రోడ్డు కనిపించేది నలభై యాభై మీటర్ల దాకానే. ఆ చీకట్లో టైరు పంక్చరై, తోకలైటు వెలగని లారీ ఒకటి రోడ్డంచున ఆగి ఉంటే, అది లారీ అని తెలిసే లోపే అయిపోతుంది. ఇలాంటి కేసుల్లో డ్రైవరు బ్రేకు తొక్కిన జాడ కూడా రోడ్డు మీద కనిపించదని పోలీసులు చాలాసార్లు నాతో అన్నారు. బ్రేకు తొక్కాలంటే ముందు మెలకువ రావాలి కదా.

బతికి బయటపడ్డవాళ్లు చెప్పే మాట కూడా దాదాపు ఒకటే. "నిద్రపోలేదు డాక్టరుగారూ, ఒక్క కునుకు పట్టిందంతే." వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కునుకు వచ్చేటప్పుడు మనిషికి తెలియదు. అయితే అంతకు ముందు శరీరం చెబుతూనే ఉంటుంది. వరసగా ఆవలింతలు వస్తాయి. కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. మెడ బరువెక్కుతుంది. బండి పక్క లైనులోకి జరిగిపోయి ఉలిక్కిపడి సర్దుకుంటారు. నకిరేకల్ ఎప్పుడు దాటామా అని గుర్తుతెచ్చుకుంటే గుర్తురాదు. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఇక నడపకూడదు.

చాలామంది అప్పుడు కిటికీ దించుతారు. పాటల సౌండు పెంచుతారు. మొహాన నీళ్లు చల్లుకుంటారు. పాన్ నములుతారు. ఇవి రెండు మూడు నిమిషాలు పనిచేస్తాయి, నిద్ర మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది. నిద్రకు మందు నిద్రే. ఏదైనా పెట్రోలు బంకులోకో, లైట్లున్న దాబా ఆవరణలోకో బండి పోనిచ్చి, ఒక కాఫీ తాగి, సీటు వెనక్కి వాల్చి ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోండి. కాఫీ పని మొదలుపెట్టడానికి సుమారు అంతే సమయం పడుతుంది కాబట్టి లేచేసరికి రెండూ కలిసొస్తాయి. దానితో ఓ గంటా గంటన్నర నెట్టుకురావచ్చు. అంతకు మించి నమ్ముకోవద్దు. రోడ్డు పక్కన, హైవే అంచున మాత్రం ఆపి పడుకోకండి. అప్పుడు ఆగి ఉన్న వాహనం మీదే అవుతుంది.

అందుకే నేను అందరికీ చెప్పే మాట ఒకటే. రాత్రి పడుకోండి. తెల్లారాక బయల్దేరండి. జామ్ ఉంటుంది, ఉండనివ్వండి. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్లు. విశాఖపట్నం అయితే ఆరొందల కిలోమీటర్లకు పైనే. శ్రీకాకుళం, ఇచ్ఛాపురం ఇంకా దూరం. అంత దూరం ఒకే మనిషి ఒకే ఊపులో నడపాల్సిన పని కాదు. రాజమండ్రిలోనో తునిలోనో చుట్టాలుంటే ఒక పూట దిగండి. లేకపోతే లాడ్జిలో గది తీసుకోండి. ఆ గది అద్దె ఎక్కువనిపిస్తే, తొడ ఎముకకు రాడ్డు వేయించుకోవడానికి ఎంతవుతుందో మీ ఊరి ఆసుపత్రిలో ఒకసారి అడిగి చూడండి.

బస్సులో వెళ్లేవాళ్లకు కూడా తెల్లవారుజాము గండమే. 2013 అక్టోబరు 30న, దీపావళికి ముందు, బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని తగలబడింది. 45 మంది కాలిపోయారు. 2025 అక్టోబరు 24న, దీపావళి వెళ్లిన నాలుగో రోజు, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర బైకును ఢీకొని అలాగే తగలబడింది. ఇరవై మంది దాకా ప్రాణాలు పోయాయి. రెండూ తెల్లవారకముందే జరిగాయి. రెండింటిలోనూ జనం గాఢనిద్రలో ఉన్నారు. బస్సెక్కగానే దుప్పటి కప్పుకునే ముందు రెండు నిమిషాలు వెచ్చించండి. ఎమర్జెన్సీ డోరు ఎక్కడుందో చూడండి. అద్దం పగలగొట్టే సుత్తి మీ సీటుకు ఎంత దూరంలో ఉందో చూడండి. లేకపోతే అడగండి. రెండో డ్రైవరు ఉన్నాడా అని కూడా అడగండి. టికెట్టు కొన్నాం కాబట్టి అడిగే హక్కు మనకుంది.

అద్దె కారు డ్రైవర్ల సంగతి మరీ చెప్పాలి. పండగ నాలుగు రోజులూ వాళ్లకు సీజను. ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్లజూసేది అప్పుడే. ఒక కుటుంబాన్ని రాజమండ్రిలో దించి, అదే బండిని వెనక్కి తిప్పి, హైదరాబాద్‌లో ఇంకో కుటుంబాన్ని ఎక్కించుకుని మళ్లీ అదే దారి పడతారు. అలా రెండు రాత్రులు నిద్రలేకుండా నడిపి ప్రమాదం చేసుకున్న ఒక కుర్రాణ్ని మా దగ్గరికి తెచ్చారు. పాతికేళ్లుంటాయేమో. కుడి తొడ ఎముక రెండు ముక్కలైంది. నేను కాలు సరిచేస్తుంటే పళ్లు బిగబట్టుకుని, "వెనక సీట్లో అమ్మగారు ఎలా ఉన్నారు సార్" అని అడుగుతూనే ఉన్నాడు. ఆ అమ్మగారు ఎలా ఉన్నారో అప్పటికి అతనికి చెప్పగలిగే స్థితిలో నేను లేను. అతణ్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. రెండు రాత్రుల నుంచి నువ్వు పడుకున్నావా బాబూ అని అతన్ని అడిగినవాళ్లు ఎవరూ లేరు.

చట్టం ఏం చెబుతుందంటే, జీతానికి బండి నడిపే డ్రైవరు రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేయకూడదు. వరసగా ఐదు గంటలు నడిపితే అరగంట విశ్రాంతి ఇవ్వాలి. 1961లో చేసిన చట్టం నుంచీ ఉన్న నియమం ఇది. పండగ రోజుల్లో దాన్ని అమలు చేయించే నాథుడు దొరకడు. మనమే చేయించాలి. కారు ఇంటిముందు ఆగగానే డ్రైవర్ని అడగండి, నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావని. తడబడితే ప్రయాణం వాయిదా వేసుకోండి, లేదా అతనికి మూడు గంటలు నిద్రపోయే వీలు కల్పించి అప్పుడు బయల్దేరండి. ఊరు చేరాక అతణ్ని వీధి అరుగు మీద కూర్చోబెట్టకుండా, కడుపునిండా అన్నం పెట్టి మంచం వేసివ్వండి. మన ఇళ్లలో బండి తోలుకొచ్చినవాడికి అన్నం పెట్టి పంపే అలవాటు పాతదే. మంచం కూడా వేస్తే తిరుగు ప్రయాణంలో ఇంకో కుటుంబం బతుకుతుంది.

ఇప్పుడు సీటు బెల్టు. ముందు కూర్చున్నవాళ్లు చలానుకు భయపడైనా పెట్టుకుంటున్నారు. వెనకవాళ్లు పెట్టుకోరు. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర చనిపోయింది వెనక సీట్లోనే, బెల్టు లేకుండానే. మన దగ్గరే చూడండి. 2018 ఆగస్టు 29న సినీనటుడు నందమూరి హరికృష్ణగారు తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బయల్దేరి నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర ప్రమాదానికి గురయ్యారు. బెల్టు పెట్టుకోకపోవడంతో కారులోంచి విసిరేసినట్టు బయటికి పడి చనిపోయారు. అంతకు ముందు 2014 ఏప్రిల్లో రాజకీయ నాయకురాలు శోభా నాగిరెడ్డిగారు ఎన్నికల ప్రచారం ముగించుకుని రాత్రివేళ ఆళ్లగడ్డ తిరిగివస్తుంటే, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కుప్ప అడ్డొచ్చి కారు పల్టీ కొట్టింది. ఆవిడా బెల్టు పెట్టుకోలేదు, బతకలేదు. ఇంత పెద్ద కార్లు, ఇంత అనుభవం ఉన్న మనుషులు. బెల్టు మాత్రం పక్కనే వేలాడుతూ ఉండిపోయింది.

పసిపిల్లల దగ్గర నా గొంతు కొంచెం గట్టిగా పలుకుతుంది, మన్నించాలి. ముందు సీట్లో అమ్మ కూర్చుంటుంది, ఒళ్లో బిడ్డ. అమ్మ చేతుల్లో ఉంటే భద్రం అని మనందరి నమ్మకం. యాభై కిలోమీటర్ల వేగంలో కారు దేన్నైనా గుద్ది ఆగిపోతే, పది కిలోల బిడ్డ ఆ క్షణంలో రెండు మూడు క్వింటాళ్ల బరువుతో ముందుకు పోతుంది. ఏ తల్లి చేతులూ ఆ బరువును ఆపలేవు. ఎంత ప్రేమ ఉన్నా ఆపలేవు. ఆ తల్లుల్ని నేను చూశాను. "గట్టిగానే పట్టుకున్నాను డాక్టరుగారూ" అంటారు. గట్టిగానే పట్టుకుని ఉంటారు, నాకు తెలుసు. పైగా ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే అది విచ్చుకునే దెబ్బ పెద్దవాళ్ల ఛాతీ కోసం లెక్కవేసింది, బిడ్డ మెడ కోసం కాదు. కాబట్టి పిల్లలు వెనక సీట్లోనే, పసివాళ్లకు వాళ్ల కొలతకు తగ్గ సీటులోనే. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని అలా కట్టి కూర్చోబెట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని చట్టం చెబుతుంది. ఆ సీటు అయిదారు వేల నుంచి దొరుకుతుంది. మనం పిల్లలకు పండగ బట్టలకూ బొమ్మలకూ అంతకంటే ఎక్కువే పెడుతున్నాం.

తిరిగి వచ్చేటప్పుడు కారు వెనక అద్దం దగ్గర ఆవకాయ జాడీలు, కొబ్బరికాయలు పేర్చకండి. బండి గుద్దుకుంటే అవి మీ తల వెనక్కే వస్తాయి. బరువున్నవన్నీ డిక్కీలో, అడుగున.

బైకు మీద వెళ్లేవాళ్లు లక్షల్లో ఉంటారు. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిచేసే తమ్ముడు, డెలివరీ చేసే కుర్రాడు, వాచ్‌మన్, వాళ్లకు కారు ఎక్కడిది? బైకు ట్యాంకు మీద పెద్దపిల్ల, మధ్యలో చిన్నవాడు, వెనక భార్య, ఆమె ఒళ్లో బ్యాగు. చౌటుప్పల్ దాటాక పొద్దున్నే పొగమంచులో ఈ బండ్లను చూస్తే గుండె పీచుపీచుమంటుంది. వెళ్లొద్దని నేను చెప్పలేను. పండగ అందరిదీ. ఒక్కటి చెప్తాను. వీలైతే భార్యాపిల్లల్ని ముందే పగటి బస్సులో పంపండి, మీరొక్కరే బైకు మీద వెళ్లండి. మీకూ ఆమెకూ ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించి ఉండాలి. పట్టీ పెట్టని హెల్మెట్ మీకంటే ముందే కింద పడుతుంది. దేశంలో 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50 వేల మందికి పైనే అని కేంద్ర రవాణా శాఖ లెక్కకట్టింది. విరిగిన కాలును నేను అతికించగలను. నలిగిన మెదడును అతికించే వైద్యం మా దగ్గర లేదు.

గాలిపటాల దారం కూడా బైకువాళ్ల ప్రాణం తీస్తోంది. చైనా మాంజా అని అమ్మే నైలాన్ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా 2024 సంక్రాంతికి హైదరాబాద్‌లో బైకు మీద వెళ్తున్న సైనికుడి మెడ తెగి ప్రాణం పోయింది. పండగ రోజుల్లో మెడకు మందపాటి మఫ్లరు చుట్టుకోండి, ఫ్లైఓవర్ల మీద మెల్లగా వెళ్లండి. తల్లిదండ్రులారా, పిల్లలకు నూలుదారమే కొనివ్వండి.

ఊళ్లల్లో ఉండే రైతులతో, ట్రాక్టరు యజమానులతో కూడా ఒక మాట. ఇది మీ పంట ఇంటికొచ్చే కాలం. చెరకు ట్రాలీలు ఫ్యాక్టరీకి, పత్తి బండ్లు మార్కెట్‌కు రాత్రుళ్లు కూడా తిరుగుతుంటాయి. ట్రాలీకి అటూ ఇటూ రెండడుగులు పొడుచుకొచ్చిన చెరకు గడలు చీకట్లో ఎదుటివాడికి కనిపించవు. వెనక రేడియం స్టిక్కర్లు అంటించడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. ధాన్యం రోడ్డు మీద ఎందుకు ఆరబోస్తారో నాకు తెలుసు, కళ్లం లేక, పట్టాలు చాలక. కానీ చీకటిపడే లోపు ఎత్తేయండి. చుట్టూ పెట్టిన రాళ్లు తీసేయండి. ధాన్యం ఎత్తి రాళ్లు వదిలేసిన చోట బైకులు పడి చేతులు విరిగినవాళ్లు నా దగ్గరికి చాలామందే వచ్చారు. డివైడరు చివరిదాకా వెళ్లి తిరగడం బద్ధకమై ట్రాక్టరును రాంగ్ రూట్లో తోలకండి. హైదరాబాద్-విజయవాడ హైవే మీద మునగాల, ఆకుపాముల చుట్టుపక్కల వాళ్లకు ట్రాక్టరు అడ్డురావడం అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. హరికృష్ణగారి పెద్దబ్బాయి జానకీరామ్ 2014 డిసెంబరులో అక్కడే ట్రాక్టరును ఢీకొని చనిపోయారు.

గోదావరి జిల్లాలకు వెళ్లేవాళ్లు హైవే దిగాక హమ్మయ్య అనుకుంటారు. అసలు మెలకువగా ఉండాల్సింది అక్కడ. కాలవ గట్ల మీద రోడ్లు సన్నగా ఉంటాయి, చాలాచోట్ల అంచున గోడ ఉండదు, పొద్దున తొమ్మిదింటిదాకా మంచు కమ్ముకుని నీళ్లకూ రోడ్డుకూ తేడా తెలియదు. మంచులో హై బీమ్ వేస్తే ఆ వెలుతురు తిరిగి మన కళ్లలోనే పడుతుంది. డిమ్‌లో పెట్టుకుని, ముందు బండి కనిపించనంత మంచుంటే ఆగిపోవాలి. కనుమ నాడు కోడిపందేల బరుల దగ్గర మందు తాగి, సాయంత్రం అదే గట్టు మీద కారు తిప్పుకుని రావడం ఏటా కొన్ని ఇళ్లల్లో పండగను మైల చేస్తోంది. తాగినవాడి చేతిలోంచి తాళాలు లాక్కోవడం మర్యాదతక్కువ పని కాదు. బావమరిది అలిగినా, అల్లుడు అలిగినా లాక్కోండి. ఒకవేళ బండి కాలవలో పడితే మొదటి నిమిషమే ముఖ్యం. బెల్టు తీసి, నీళ్లు అద్దం దాకా రాకముందే అద్దం దించి, కిటికీలోంచి బయటికి రావాలి. తలుపు తోస్తూ కూర్చోవద్దు, నీళ్ల ఒత్తిడికి అది తెరుచుకోదు.

బండి దారిలో ఆగిపోతే వీలైనంత ఎడమకు తీసి, నాలుగు ఇండికేటర్లూ వేసి, వెనక కనీసం యాభై మీటర్ల దూరాన త్రికోణం బోర్డు పెట్టండి. మనుషులందరూ దిగి ఇనుప రెయిలింగుకు అవతలికి వెళ్లాలి. టైరు మారుస్తుంటే చుట్టూ నిలబడి టార్చి చూపిస్తున్నవాళ్లను వెనకొచ్చిన లారీ తొక్కేసిన కేసులు ఉన్నాయి. హైవే మీద సాయానికి 1033కి ఫోన్ చేస్తే వస్తారు. టోల్ కట్టేది అందుకు కూడా.

ఇక కళ్లముందే ప్రమాదం జరిగితే? చాలామంది బండి ఆపరు. కోర్టుల చుట్టూ తిప్పుతారని, పోలీసులు పేరు రాసుకుంటారని భయం. ఆ రోజులు పోయాయి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనే 134-ఎ అనే సెక్షన్ చేర్చారు. గాయపడినవాణ్ని మంచిమనసుతో ఆసుపత్రికి చేర్చినవాళ్ల మీద ఏ కేసూ ఉండదు. మీ పేరు చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు. ఆసుపత్రి మిమ్మల్ని డబ్బు కట్టమనకూడదు. 2025 మే నుంచి ప్రమాదంలో గాయపడిన ఎవరికైనా మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స అందించే పథకం దేశమంతటా అమల్లోకి వచ్చింది. డబ్బులేదని ఏ ఆసుపత్రి అయినా తిప్పి పంపబోతే ఆ పథకం పేరెత్తండి.

మీరు చేయాల్సింది చాలా కొద్ది. 108కి ఫోన్ చేసి ఊరి పేరుతో పాటు కిలోమీటరు రాయి మీద అంకె చెప్పండి. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకోండి, మాటిమాటికీ తీసి చూడకండి. నోట్లో నీళ్లు పోయకండి. దాహం అంటారు, బతిమాలతారు, అయినా పోయకండి. స్పృహ సరిగా లేని మనిషికి ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆపరేషన్ కూడా ఆలస్యమవుతుంది. మంటలు లేనప్పుడు కాళ్లూ చేతులూ పట్టి కారులోంచి లాగకండి. మెడ ఎముక విరిగి ఉంటే ఆ లాగుడుకు జీవితాంతం మంచం పట్టే ప్రమాదం ఉంది. ఊపిరి ఆడుతోందా చూసి, పక్కన కూర్చుని మాట్లాడుతూ ఉండండి. మొదటి గంటలో ఆసుపత్రికి చేరినవాళ్లకూ చేరనివాళ్లకూ ఎంత తేడా ఉంటుందో నా జీవితమంతా చూశాను. ఆ గంట మా డాక్టర్ల చేతుల్లో ఉండదు, రోడ్డు మీద బండి ఆపే మీ చేతుల్లో ఉంటుంది.

2023లో మన దేశంలో రోడ్ల మీద ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు లక్షా 72 వేల మందికి పైనే. గంటకు సుమారు ఇరవై మంది. నా ప్రసంగం పూర్తయ్యేలోగా కూడా ఎక్కడో కొన్ని ఇళ్లకు ఆ కబురు వెళ్తుంది.

చివరగా ఊళ్లల్లో ఎదురుచూస్తున్న అమ్మలతో, నాన్నలతో, అమ్మమ్మలతో, తాతయ్యలతో మాట్లాడాలి. ఈ ప్రసంగం నిజానికి మీకోసమే. పిల్లలు రాత్రికి రాత్రి ఎందుకు బయల్దేరతారు? భోగి మంట వేళకు మీ ముందుండాలని. దారిలో ఎందుకు ఆగరు? అరగంటకోసారి మీరు ఫోన్ చేసి "ఎక్కడిదాకా వచ్చారు?" అని అడుగుతారు కాబట్టి. మీరు ప్రేమతోనే అడుగుతారు. అవతల కొడుకు ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్ తీసి "కోదాడ దాటాం నాన్నా, తెల్లారేసరికి వచ్చేస్తాం" అంటాడు. అన్నాక ఆ మాట నిలబెట్టుకోవాలని ఇంకాస్త తొక్కుతాడు.

దయచేసి ఈసారి అలా అడగకండి. ఈ రాత్రే మీ అబ్బాయికో అమ్మాయికో ఫోన్ చేయండి. "రాత్రి పడుకో. పొద్దున టిఫిన్ తిని బయల్దేరు. మధ్యాహ్నానికి వచ్చినా, మర్నాటికి వచ్చినా మాకు పండగే. నువ్వు చేరిందాకా మేము ఫోన్ చేయం, ఆగినప్పుడు నువ్వే చెయ్యి" అని చెప్పండి. నేను చెబితే డాక్టరు మాట అనుకుంటారు, పోలీసు చెబితే చలాను మాట అనుకుంటారు. మీరు చెబితే వింటారు. చెప్పండి.